డంపర్‌ను వెనక్కి పిలిచిన మాట

గనిలో చేరిన కొత్తలో నా పని ఒక చేతిలో ఎర్ర జెండా, ఇంకో చేతిలో పచ్చ జెండా పట్టుకుని డంప్ యార్డులో నిలబడటం. ఇనుప ఖనిజం తవ్వేటప్పుడు దానితోపాటు పనికిరాని మట్టీ రాయీ బోలెడంత వస్తుంది. డంపర్లు దాన్ని మోసుకొచ్చి కొండ అంచు నుంచి కిందికి గుమ్మరిస్తాయి. ఆ చోటునే డంప్ యార్డు అంటారు. డంపరంటే మామూలు లారీ కాదు, దాని చక్రమే నా తల కన్నా ఎత్తు. డ్రైవరు నిచ్చెన ఎక్కి క్యాబిన్‌లో కూర్చుంటాడు. కూర్చున్నాక తన వెనక చక్రాలు ఎక్కడున్నాయో తనకే తెలియదు. అందుకని పక్కన ఒక మనిషి నిలబడి బండిని వెనక్కి పిలిచి, అంచు రాకముందే ఆపాలి. ఆ మనిషిని నేను.

మాది మద్దేడ్, తెలుగు నేలకి సరిహద్దులో ఉన్న పల్లె. కొంచెం వరి, కొంచెం మొక్కజొన్న, ఎండాకాలంలో ఇప్పపువ్వు, తునికాకు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పొలంలో పక్కవాళ్లతో గోండీ మాట్లాడుతూ పెరిగాను. ఏ మాట ఏ భాషదో ఆలోచించుకుని మాట్లాడే అలవాటు మా వైపు ఎవరికీ లేదు. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తే నోరు దానంతటదే తిరుగుతుంది. గనిలో చేరడానికి అది మంచి అర్హత అనుకున్నాను. సిగ్నల్‌మన్ పనికి నన్ను తీసుకున్నది కూడా అందుకే. అక్కడ బీహారు వాళ్లు, ఒడిశా వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు, కొండ కింది గోండు పల్లెల వాళ్లు అందరూ కలిసి పనిచేస్తారు.

నా షిఫ్టులో ఎక్కువ ట్రిప్పులు తిప్పే డ్రైవరు దుర్గ్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన. నేను ఆయన్ని ఉస్తాద్ అనేవాణ్ణి, ఆయన నన్ను ఛోటే అనేవాడు. సన్నగా, తక్కువ మాటల మనిషి. పొద్దున బండి ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరిగి ప్రతి చక్రం నట్లనూ సుత్తితో కొట్టి చప్పుడు వినేవాడు. మిగతా డ్రైవర్లు నవ్వేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు. టీ తాగేటప్పుడు మాత్రం బండి దిగి నా దగ్గరికి వచ్చి, డబ్బా మూతలో సగం పోసి నాకు ఇచ్చేవాడు.

మా ఫోర్‌మన్ శ్రీకాకుళం ఆయన. పనిమంతుడు, నోటి దురుసు. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజు నుంచి నాతో తెలుగే మాట్లాడేవాడు. ఇంటికి దూరంగా ఉన్నవాడు కదా, మనసులో మాట తెలుగులో అనడానికి ఒక చెవి దొరికిందని సంబరం. నా తెలుగు విని, "ఏంది ఏంది అంటావేట్రా, ఏటి అనాలి" అని వెక్కిరించేవాడు. నాకూ ఆ మాట సరదాగానే ఉండేది.

వానాకాలం వస్తే కొండ మీద మబ్బు దిగి కూర్చుంటుంది. కింద టౌన్‌షిప్‌లో ఎండ కాస్తున్నా పైన పది అడుగుల అవతల మనిషి కనిపించడు. అలాంటప్పుడు జెండా ఎర్రదైనా పచ్చదైనా ఒకటే. ఆ ఏడు మాకు కొత్తగా వాకీటాకీలు ఇచ్చారు, మేం సెట్లు అనేవాళ్లం. ఒకటి నా చేతికి, ఒకటి ప్రతి డంపర్ క్యాబిన్‌లో, ఒకటి ఫోర్‌మన్ దగ్గర, ఒకటి మట్టిని ముందుకు తోసే డోజర్ నడిపేవాడి దగ్గర. ఛానెల్ అందరికీ ఒకటే. ఒకరు మాట్లాడితే అందరికీ వినిపించేది. ఇక జెండాలతో పనిలేదు, మబ్బున్నా ఆపనక్కర్లేదు అని అందరం సంతోషపడ్డాం. నేనైతే ఆ పెట్టెను రోజూ గుడ్డతో తుడిచేవాణ్ణి.

అది జరిగింది పొద్దుటి షిఫ్టులో, పదకొండు గంటలప్పుడు. సన్నగా వాన పడుతోంది. అంచు వెంట మోకాలెత్తున మట్టికట్ట పోసి ఉంది. చక్రం కట్టకి తగిలితే డ్రైవరుకి తెలియాలని ఆ ఏర్పాటు. కానీ మూడు రోజుల వానకి కట్ట నాని మెత్తబడింది. అది నాకు తెలుసు. పొద్దున్నే కాలితో తొక్కి చూశాను, మడమ దిగిపోయింది. డోజర్ వచ్చాక సరిచేయిద్దామనుకున్నాను. డోజర్ ఇంకో చోట పనిలో ఉంది. డంపర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ఉస్తాద్ బండి మబ్బులోంచి వెనక్కి వస్తోంది. నేను పక్కన నిలబడి సెట్టులో "పీఛే, పీఛే" అని హిందీలో వెనక్కి పిలుస్తున్నాను. కట్టకి ఇంకా ఏడెనిమిది అడుగులుంది. అప్పుడు ఫోర్‌మన్ గొంతు సెట్టులో వచ్చింది.

"ఒరే, కింద రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు ఎల్లిపోనాదేటి?"

"ఆ… ఆ…" అన్నాను. వెళ్లిపోయింది అని. అన్నంతసేపట్లోనే చక్రాలు కట్ట దగ్గరికి వచ్చేశాయి. రోజూ ఆ చోట ఆపమనడానికి నేను హిందీలో అనే మాట 'బస్'. ఆ రోజు నా నోటి నుంచి వచ్చింది "చాల్, చాల్, చాల్."

బండి ఆగలేదు. ఇంకాస్త తొందరగా వెనక్కి వచ్చింది. వెనక చక్రాలు కట్టను పిండిలా నొక్కేసి దాటాయి. ముందు భాగం గాల్లోకి లేచింది. క్యాబిన్ నా కళ్ల ముందు నుంచి మెల్లగా పైకి పోవడం చూశాను. అంత పెద్ద బండి అంత మెల్లగా కదలడం అంతకుముందు నేను చూడలేదు. తర్వాత మట్టి జారింది. బండి వెనక్కి జారి, పక్కకి ఒరిగి, అంచు కింద పాత మట్టి గట్టు మీద ఆగింది. అక్కడ ఆ గట్టు లేకపోతే లోయ అడుగుదాకా పోయేది.

నేను దిగిపోయాను. ఎలా దిగానో గుర్తులేదు. మోచేతులు చీరుకుపోయినట్టు సాయంత్రం చూసుకున్నాను. ఉస్తాద్‌కి స్పృహ ఉంది. కుడికాలు పెడళ్ల దగ్గర ఇరుక్కుంది. "ఇంజన్ బంద్ కర్, ఛోటే" అన్నాడు, ముందు అదే మాట. ఇంజన్ ఆపాను. డోజర్ వచ్చి తాడు వేసి బండి ఇంకా జారకుండా పట్టుకున్నాక, నలుగురం కలిసి ఆయన్ని బయటికి తీశాం. మబ్బులో స్ట్రెచర్ మోసుకుంటూ పైకి ఎక్కుతుంటే ఆయన ఒక్కసారి కూడా అరవలేదు. నా వైపు చూడనూ లేదు.

మర్నాడు కాగితాల పని మొదలైంది. ఫోర్‌మన్ నన్ను డంప్ యార్డు పక్కన రేకుల షెడ్డులోకి పిలిచాడు.

"సూడు, నువ్వు ఆగమన్నావు. ఆడు ఆగనేదు. ఇదే జరిగినాది. ఇదే రాయించు."

"నేను ఆగమన్నది నిజమే సార్."

"మరింకేటి? డ్రైవరు సిగ్నల్ ఇనకుండా ఒచ్చీసినాడు. అంతే."

నాకు అందులో అబద్ధం కనిపించలేదు. నేను ఆగమనే అన్నాను. మూడుసార్లు అన్నాను. హిందీ రాసే గుమాస్తా రాసుకున్నాడు, నేను కింద సంతకం చేశాను. ఆ రాత్రి బాగానే నిద్రపోయాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది, కానీ నిద్రపోయిన మాట నిజం.

మూడో రోజు పని అయ్యాక ఆస్పత్రికి వెళ్లాను. కాలు రెండు చోట్ల విరిగిందన్నారు. కట్టు తొడదాకా ఉంది. ఉస్తాద్ భార్య మంచం పక్కన కింద కూర్చుని బత్తాయి వలుస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేనెవరో ఆమెకి తెలియదు, ఎవరో ఆఫీసు మనిషినని అనుకున్నట్టుంది.

ఉస్తాద్ కళ్లతోనే నన్ను కూర్చోమన్నాడు. తర్వాత హిందీలో, నెమ్మదిగా, "నేను సిగ్నల్ వినలేదని రాశావంట" అన్నాడు.

"నేను ఆగమన్నాను ఉస్తాద్. మీరు ఆగలేదు."

"నువ్వు ఆగమనలేదు. రమ్మన్నావు."

"లేదు."

"నా చెవులు బాగానే ఉన్నాయి ఛోటే, కాలు ఒక్కటే విరిగింది. ముందు 'ఆ, ఆ' అన్నావు. వచ్చాను. తర్వాత 'చల్, చల్, చల్' అని అరిచావు. ఎందుకో తొందరపెడుతున్నాడు, వెనక ఇంకో బండి వచ్చిందేమో అనుకున్నాను. ఇంకాస్త యాక్సిలరేటర్ నొక్కాను."

నేను కాదనబోయి ఆగిపోయాను. తెలుగులో 'ఆ' అంటే అవును. హిందీలో 'ఆ' అంటే రా. నేను 'చాల్' అన్నది ఇక చాలు, ఆపు అని. గరగరలాడే సెట్టులో, కంగారులో దీర్ఘం మింగేసి అరిస్తే అది హిందీవాడికి 'చల్', పద, నడువు. క్షణం ముందు వరకూ హిందీలో ఉన్న నా నోరు, ఫోర్‌మన్ తెలుగులో పలకరించేసరికి తెలుగులోకి తిరిగిపోయింది. తిరిగిన నోరు తిరిగినట్టే ఉండిపోయింది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నేనూ చెప్పలేదు.

ఇదంతా ఆయనకి చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన భార్య బత్తాయి చేతిలో పట్టుకుని వింటూ ఉండిపోయింది. చివరికి ఆయన, "అయితే ఆ కాగితంలో ఏం ఉండాలి?" అని అడిగాడు.

"మార్పిస్తాను."

ఆయన బత్తాయి తొన ఒకటి తీసుకుని నాకు ఇచ్చాడు. క్షమించాడని కాదు. తన దగ్గరికి వచ్చినవాడికి ఏదో ఒకటి పెట్టడం ఆయన అలవాటు.

మార్పించడం అనుకున్నంత సులువు కాలేదు. ముందు ఫోర్‌మన్‌కే చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"పిచ్చెక్కిందేట్రా నీకు? భాష సరిగా రాకపోబట్టి బండి పడిపోనాదని నీకు నువ్వే రాసుకుంటావా? ఉజ్జోగం ఉంటాదా?"

"ఉండకపోవచ్చు సార్."

"నానప్పుడు ట్యాంకరు గురించి అడగడం కూడా రాస్తావా?"

"రాయకపోతే అందులో అర్థం ఏముంటది సార్? నా నోరు తెలుగులోకెందుకు తిరిగిందో చెప్పాలె గదా."

ఆయన బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా నాతో తెలుగు మాట్లాడలేదు. పని మాటలన్నీ హిందీలోనే చెప్పేవాడు. నన్ను వెక్కిరించడం కూడా మానేశాడు. అది నాకు బాధగానే ఉండేది.

సేఫ్టీ ఆఫీసరు ఒడిశా నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. భయపడుతూ వెళ్లి హిందీలో మొత్తం చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చి, ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టాడు.

"ఇలాంటి మాటలు ఇంకేమున్నాయి?" అన్నాడు.

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. ఎవరిది తప్పు అని అడుగుతాడనుకున్నాను. అది తర్వాత అడిగాడు, నాకు హెచ్చరిక కాగితం కూడా ఇచ్చాడు. పాత వాంగ్మూలం పక్కన కొత్తది చేర్చి, డ్రైవరు తప్పు లేదని రాయించాడు. కానీ ముందు అడిగింది మాత్రం ఆ ప్రశ్నే.

నాలుగు రోజులు ఆయనా నేనూ గని అంతా తిరిగాం. టీ దుకాణం దగ్గర, వర్క్‌షాపులో, రోడ్డు పక్కన కాలువలు తీసే ఆడకూలీల దగ్గర కూర్చుని, ఆగమనడానికి మీరేమంటారు, రమ్మనడానికి ఏమంటారు అని అడిగాం. కొందరు మమ్మల్ని చూసి జాలిపడ్డారు. చివరికి తేలింది ఏమిటంటే, 'స్టాప్' అన్న మాట ఒక్కటే అందరికీ ఒకేలా అర్థమవుతుంది, దేన్నీ పోలి ఉండదు. సెట్టులో ఇక రెండే మాటలు: 'బ్యాక్', 'స్టాప్'. డంప్ యార్డుకి ఒక ఛానెల్ వేరుగా పెట్టారు, అందులో ఇంకెవరూ మాట్లాడకూడదు. 'బ్యాక్' అన్న మాట ఆగకుండా వినిపిస్తున్నంతసేపే బండి రావాలి. గొంతు ఆగిందా, ఎందుకు ఆగిందో తెలియకపోయినా సరే, బండి ఆగాలి.

సెట్టు పాడైతే ఎలా అని విజిల్ కూడా ఇచ్చారు. పొడుగ్గా ఒక విజిల్ ఊదితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. ఆఫీసరు దాన్ని పరీక్షిద్దామన్నాడు. ఎండ కాసిన ఒక మధ్యాహ్నం, ఖాళీ డంపర్ ఒకటి నిలబెట్టి, కాలువ తీస్తున్న ఆడవాళ్లకి ముందే అంతా చెప్పి, నేను విజిల్ ఊదాను. వాళ్లు తట్టలు పడేసి పరుగెత్తారు. సగంమంది నేరుగా డంపర్ వెనక్కే పోయారు.

డ్రైవర్లు పడి పడి నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. ఆ ఆడవాళ్లలో పెద్దామె ఉండేది, కొండ కింది పల్లె మనిషి, అందరికీ ముందు నడిచేది ఆమే. నేను ఆమె దగ్గరికి వెళ్లి గోండీలో, "అవ్వా, ఆగమని చెప్పాను కదా, ఎందుకు ఉరికారు?" అని అడిగాను.

ఆమె ఇంకా ఆయాసపడుతోంది. "చెప్పావు, విన్నాం. కానీ అడవిలో కట్టెలకి పోయినప్పుడు విజిల్ వినిపించిందంటే ఫారెస్టు గార్డు వచ్చినట్టు. చిన్నప్పటి నుంచి ఉరుకుతూనే ఉన్నాం. చెవికి వినిపించాక కాలు మమ్మల్ని అడగదు" అంది.

నేను అది ఆఫీసరుకి హిందీలో చెప్పాను. ఆయన నా మెడలో ఉన్న విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. వారం తర్వాత విజిల్ బదులు చేత్తో నొక్కే హారన్ వచ్చింది. ఈసారి ఆఫీసు గదిలో నిర్ణయించలేదు. ఆ పెద్దామెనే పిలిచి నాలుగు రకాల చప్పుళ్లు వినిపించి, దేనికి మీ కాళ్లు ఆగుతాయో చెప్పమన్నారు. ఆమె ఒకటి ఎంచింది. అదే ఉంచారు.

ఇదంతా చెప్పడానికి ఉస్తాద్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. అప్పటికి ఆయన క్వార్టర్‌కి వచ్చేశాడు. వరండాలో కుర్చీ వేసుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. మాటలు మార్చాం, ఛానెల్ మార్చాం, హారన్ తెచ్చాం అని ఉత్సాహంగా చెప్పుకుపోయాను. ఆయన అంతా విన్నాడు.

"మంచిదే. మాట మారిస్తే మంచిదే" అన్నాడు. "ఒకటి అడుగుతాను. ఏమీ కనిపించని రోజున నన్ను అసలు అంచు దాకా ఎందుకు పిలుస్తున్నావు?"

నాకు అర్థం కాలేదు. మట్టి కిందికి పడాలంటే అంచు దాకా రావాలి కదా అన్నాను.

"మట్టి రావాలి. నేనెందుకు రావాలి? అంచుకి ఇరవై అడుగులు ఇవతలే గుమ్మరిస్తాను. డోజర్‌తో ముందుకి తోసెయ్. డోజర్ ముందుకు చూస్తూ పోతుంది, దాని ముందు మట్టి ఉంటుంది. నువ్వు 'చాల్' అను, 'చల్' అను, పాట పాడు. నేను పడిపోను."

ఆ మాట ఆయన అంత మామూలుగా అన్నాడు. నేను చేరకముందు, వాకీటాకీలు లేని కాలంలో, మబ్బు పట్టిన రోజుల్లో అలాగే చేసేవాళ్లమని, లేకపోతే పనే ఆపేవాళ్లమని కూడా చెప్పాడు. పెట్టె వచ్చాక ధైర్యం వచ్చి అంచుకి పోవడం మొదలుపెట్టారు. నేను రోజూ గుడ్డతో తుడిచింది ఆ పెట్టెనే.

ఆఫీసరుకి చెప్పాను. ఆయన తల పట్టుకుని, "ఇది నాకు తట్టాల్సింది, ఇది నా చదువే" అన్నాడు. కానీ అమలు కావడానికి ఆ వానాకాలం సగం పోయింది. అంచుకి ఇవతల గుమ్మరిస్తే డోజర్ అక్కడే ఉండిపోవాలి. డోజర్ అక్కడ ఉంటే ఇంకో చోట పని ఆగుతుంది. ట్రిప్పులు తగ్గుతాయని పైవాళ్లు ఒప్పుకోలేదు. మీటింగులో ఆ కుర్ర ఇంజనీరుని గట్టిగానే మాటలన్నారని విన్నాను. అనుకోని సంగతి ఏమిటంటే, ఆఖరికి ఆయన పక్కన నిలబడి, మబ్బున్న రోజు డోజర్ డంప్ యార్డులో ఉండాల్సిందే, లేకపోతే నా మనుషుల్ని పంపను అన్నది మా ఫోర్‌మన్. నాతో మాట్లాడని మనిషి ఆ మాట అన్నాడని నాకు గుమాస్తా చెప్పాడు. నేను వెళ్లి దండం పెడితే, "ఠీక్ హై, కామ్ పర్ జావో" అన్నాడు, సరే పనిలోకి పో అని, హిందీలోనే.

డ్రైవర్లకీ మొదట్లో నచ్చలేదు. మమ్మల్ని చేతకానివాళ్లని చేస్తున్నారని సణిగారు. ఒకాయన కావాలనే అంచు దాకా వచ్చేవాడు. నేను 'స్టాప్' అని, ఆయన ఆగేదాకా ఇంకో మాట అనకుండా నిలబడేవాణ్ణి. డంప్ యార్డులో మాటలు లేవు కాబట్టి తిట్టుకోవడానికి కూడా వీలుండేది కాదు. రెండు వానాకాలాలు గడిచాక కొత్తగా వచ్చిన డ్రైవర్లు అదే పద్ధతి మొదటి నుంచీ ఉందనుకున్నారు.

ఉస్తాద్ ఏడు నెలలకి పనిలోకి వచ్చాడు. కాలు కొంచెం పొట్టిదైపోయింది, డంపర్ నిచ్చెన ఎక్కలేకపోయాడు. కొత్త డ్రైవర్లకి బండి చూపించే పని ఇచ్చారు. ఆయన వాళ్లకి సుత్తి ఇచ్చి నట్ల మీద కొట్టించి, ఏ చప్పుడు మంచిదో ఏది కాదో వినిపించేవాడు. బండి నడపలేనందుకు ఆయన మనసులో ఏముందో నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు. అడగడానికి నాకు హక్కు లేదనిపించేది.

నేను తర్వాత మేట్ పరీక్ష రాసి పాసయ్యాను. గని మేట్ అంటే షిఫ్టు మొదలయ్యే ముందు తవ్వే చోటూ రోడ్డూ అంచూ తిరిగి చూసి, పని చేయవచ్చో లేదో సంతకం పెట్టే మనిషి. చాలా ఏళ్లు ఆ పని చేశాను. రోజూ పొద్దున్నే వెళ్లి ముందుగా మట్టికట్టను తొక్కి చూసేవాణ్ణి. మడమ దిగితే డోజర్ వచ్చేదాకా ఒక్క బండినీ రానివ్వలేదు. దానివల్ల చాలామందితో మాటలు పడ్డాను.

ఉస్తాద్ రిటైరై భార్యతో ఊరికి వెళ్లేటప్పుడు దంతెవాడ దాకా నేనూ వెళ్లాను. ముందు దంతేశ్వరి గుళ్లో దండం పెట్టుకున్నారు. జీపులో తెచ్చిన సామాను బస్సు మీద కట్టించి ఇద్దర్నీ ఎక్కించాను. బస్సు సందు మలుపులో వెనక్కి తీయాల్సి వచ్చింది. క్లీనరు వెనక నిలబడి ఏదో అరుస్తుంటే ఉస్తాద్ కిటికీలోంచి తల బయట పెట్టి, గోడకి ఎంత దూరం ఉందో తనే చూశాడు. బస్సు తిరిగి రోడ్డు ఎక్కాక తల లోపలికి తీసుకున్నాడు. నేను మధ్యాహ్నం షిఫ్టుకి అందుకోవాలని తిరుగు జీపు ఎక్కాను.